చైన్ సప్పుడు

పాపన్నపేట ఇంకా దూరం ఉండంగనే బండి ఆగిపోయింది. మెల్లగ ఆగుడు కాదు. బానెట్ కింద ఏదో ఇరిగినట్టు ఒక్క దెబ్బ సప్పుడైంది, దాని ఎనకనే రేకు డబ్బల మొలలు పోసి ఊపినట్టు గలగలమన్నది, ఇంజన్ సల్లబడ్డది. యాదలక్ష్మి చేతుల స్టీరింగు ఒక్కసారే బిర్రు బిగిసింది. రెండు చేతుల బలం పెట్టి బండిని రోడ్డు అంచుకు దించి, హ్యాండ్ బ్రేక్ గుంజి, మళ్ల తాళం తిప్పింది. స్టార్టర్ మోటర్ తిరిగింది. కని ఎప్పుడు తిరిగినట్టు కాదు. లోపల అడ్డమే లేనట్టు, ఉత్త గాలిని తిప్పినట్టు, గిర్రున తేలికగ తిరిగింది. ఆ తేలికతనం ఇనంగనే ఆమె తాళం ఇడిచిపెట్టింది.

ఎనక సీట్ల ఐలమ్మ ఉన్నది. ఐలమ్మది టేక్మాల్. రెండు కిడ్నీలు పనిచెయ్యవు, వారానికి మూడుసార్లు మెదక్ దవాఖానకు పోయి మిషన్ కాడ పండాలె. ఆమెను తన కిరాయి కారుల తీస్కపోయేది, మళ్ల ఇంటికాడ దించేది యాదలక్ష్మే. ఆరోజు ఐలమ్మ పొద్దుగాల నుంచే మొఖం ఉబ్బి ఉన్నది. కాళ్లు సీటు మీదికి పెట్టుకోలేక కిందికి ఏలాడేసింది. బండి ఆగంగనే ఏమాయె బిడ్డా అని అడిగింది గని, ఆ మాటకే ఆయాసం వచ్చి మళ్ల నోరు తెరువలేదు.

పక్క సీట్ల కూసున్న ఐలమ్మ కొడుకు మల్లేశ్ దిగి బానెట్ దిక్కు ఒకసారి, రోడ్డు దిక్కు ఒకసారి చూసిండు. యాదలక్ష్మి బానెట్ లేపింది. పొగ లేదు, నీళ్లు కారుతలేవు, వైర్లు కాలిన వాసన లేదు. బయటికి అన్ని సక్కగనే కనవడ్డయి. గేజ్ కడ్డీ గుంజి చీరె కొంగుకు తుడిచి మళ్ల ముంచి తీసింది. ఆయిల్ మీది గీత కాడనే ఉన్నది. అది చూసి ధైర్యం రావాలె, కని ఆయిల్ ఉండంగ ఇంజన్ ఎందుకు ఆగిందో అర్థంగాక ఇంకింత భయమైంది.

మల్లేశ్ ముందు ఏమైందని మెల్లగనే అడిగిండు. తర్వాత గొంతు పెంచిండు. పొలంకాడికి పోయేటోళ్లు ఇద్దరు ముగ్గురు స్కూటర్లు ఆపి చూస్తున్నరు. చూసేటోళ్లు ఉన్నరని ఆయన గొంతు ఇంకా లేసింది. తన తల్లి పానం పోతే ఎవలు జవాబుదారని అడిగిండు. బండి తోలుడు అంటె స్టీరింగు తిప్పుడు ఒక్కటే కాదన్నడు. ఆఖరికి, ఆ స్కూటరోళ్ల దిక్కు మొఖం పెట్టి, "ఆడోళ్ల చేతికి బండిస్తె గిట్లనే ఉంటది," అన్నడు.

యాదలక్ష్మి చేతుల ఆయిల్ మరక ఉన్న గేజ్ కడ్డీ అట్లనే ఉన్నది. దాన్ని లోపలికి దించి, బానెట్ మూసి, ఫోన్ తీసి మెదక్ స్టాండ్ల బండి తోలే పరమేశ్‌కు చేసింది. ఆయన బండి కిరాయికి పోయి ఉన్నది, తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. అప్పటిదాక ఆమె ఎనక డోరు తెరిచి, చెప్పుల మీద కూసోని, ఐలమ్మ పాదాలు తన ఒళ్లె పెట్టుకొని ఉన్నది. వేలితో ఒత్తితే ఒత్తిన గుంట అట్లనే నిలవడుతున్నది.

దవాఖానకు పోయేసరికి ఐలమ్మ మంచం ఇంకొకరికి ఇచ్చేసిండ్రు. ఆక్సిజన్ పెట్టి పక్కకు పండవెట్టిండ్రు. పొద్దు వాలినంక గని మిషన్ దొరకలేదు. ఊపిరితిత్తులల్ల నీరు చేరింది, ఇంటికి పంపలేమని డాక్టరమ్మ అన్నది. యాదలక్ష్మి అక్కడనే వరండాల గోడకు ఆనుకొని, ఐలమ్మ చెద్దరు, నీళ్ల సీసా ఉన్న సంచి పట్టుకొని నిలవడ్డది. మల్లేశ్ ఆమె ముంగట నుంచే అటూ ఇటూ తిరిగిండు, ఒక్కసారి గూడ మొఖం చూడలేదు.

దీపాలు పెట్టే యాల్లకు ఆమె మొగడు రత్నాకర్ వచ్చిండు. ఆయనకు బస్టాండ్ కాడ ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉన్నది. మున్సిపాలిటీ ఎలక్షన్లు కాబట్టి మిషన్లు ఆగకుంట నడుస్తున్నయి, అయినా అంగీ మార్చుకొని వచ్చిండు. యాదలక్ష్మిని దాటి సక్కగ మల్లేశ్ కాడికి పోయి భుజం మీద చెయ్యేసిండు.

"తప్పయింది తమ్మీ," అన్నడు. "మా ఆమె ఆయిల్ లైట్ ఎలిగినా సూసుకోకుంట తోలింది. నేను మాట్లాడుత ఆమెతోని. నువ్వు మనసుల పెట్టుకోకు."

మల్లేశ్ తల ఊపిండు. మొగోడు మొగోనికి చెప్పిండు, మాట అయిపోయింది. యాదలక్ష్మి సంచి ఈ చేతికెళ్లి ఆ చేతికి మార్చుకున్నది. కాదని అనబోయింది. కని ఆయిల్ నిండుగ ఉన్నా పంపు పోతే లైట్ ఎలుగుతది, ఎలగలేదని గుండె మీద చెయ్యేసుకొని చెప్పగలనా అని ఒక్క క్షణం ఆగింది. ఆ ఒక్క క్షణంల వాళ్లు క్యాంటీన్ దిక్కు నడిచి పోయిండ్రు.

ఆ రాత్రి, తెల్లారి, మళ్ల మాపటిదాక ఆమె మనసుల అదొక్కటే తిరిగింది. టేక్మాల్ దాటినంక మూలమలుపు కాడ మేకలు అడ్డం వచ్చినయి. అప్పుడు మీటర్ దిక్కు చూసిందా? ఐలమ్మ దగ్గినప్పుడు అద్దంల ఎనకకు చూసింది. అప్పుడే ఎర్ర లైట్ ఎలిగి ఉంటదా? బియ్యం కడుక్కుంట చెయ్యి ఆపి కండ్లు మూసుకొని మీటర్ బోర్డును తలుచుకున్నది. సూదులు కనవడ్డయి, పెట్రోల్ గీత కనవడ్డది, ఎర్ర దీపం మాత్రం ఒకసారి ఆరి, ఒకసారి ఎలిగి కనవడ్డది. తలుచుకున్నకొద్ది ఎలిగినట్టే అనిపించింది. నా తప్పే ఉండొచ్చు అనుకున్నది. అట్ల అనుకున్నప్పుడల్లా ఐలమ్మ కాలి మీద పడ్డ గుంట యాదికొచ్చింది.

కని ఒక్కటి కలుస్తలేదు. ఆ ఇంజన్ గురించి ముందుగాల మొత్తుకున్నది తనే.

పన్నెండు వందల సీసీ పెట్రోల్ ఇంజన్ అది. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు. కింద తిరిగే క్రాంకును, మీద వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్టులను కలిపేది రబ్బర్ బెల్టు కాదు, ఇనుప చైను. బెల్టయితే గడువుకు మార్చాలె, చైను బండి ఉన్నంత కాలం ఉంటదని కొన్ననాడు షోరూమోళ్లు చెప్పిండ్రు. నిజంగనే మంచిగ నడిచింది. తేలిక ఇంజన్, నిలవడ్డ చోట ఒణుకు లేదు, ఎక్కుడు కాడ గేరు మార్చితే సాలు. వయసు మీద వడ్డంక చిన్న చిన్న ఎతలు మొదలైనయి. ఒకపారి ఇగ్నిషన్ కాయిల్ పోయి మూడు సిలిండర్ల మీద కుంటింది. ఒకపారి థర్మోస్టాట్ కాడ ప్లాస్టిక్ పగిలి నీళ్లు కారినయి. ఆయిల్ జర తాగుడు మొదలువెట్టింది. అవన్నీ తెలిసిన రోగాలే. అందుకే ఆమె వారంవారం గేజ్ కడ్డీ తీసి చూసుడు అలవాటు చేసుకున్నది.

ఈ చలికాలం మొదలైనంక కొత్త సప్పుడు వచ్చింది. పొద్దుగాల సల్లటి ఇంజన్ చాలు చెయ్యంగనే, ముందు దిక్కు, కుడిపక్క, గొలుసు రేకు మీద కొట్టుకున్నట్టు గరగరమని, కొంచెం సేపటికి సద్దుమణిగేది. ఆమె రామాయంపేట రోడ్డు మీది షెడ్డుకు తీస్కపోయి మెకానిక్ యోసేపుకు చెప్పింది. బండి అక్కడికి పోయేసరికి వేడెక్కి సప్పుడు పోయేది. నాకేం ఇనవడ్తలేదు వదినా, చలికి ఏ ఇంజనైనా జర మొత్తుకుంటదన్నడు యోసేపు. మొగనికి చెప్పింది. నీకు అన్ని సప్పుళ్లే ఇనవడ్తయని రత్నాకర్ నవ్విండు. ఆమె ఊకోలేదు. బండిని రాత్రంత షెడ్డుల పెట్టి పొద్దుగాల చాలు చేసి చూడుమన్నది. అట్లనే పెట్టిండ్రు. తెల్లారి రత్నాకరే పోయి బండి తెచ్చిండు. ఆయిల్ మార్చిండ్రట, ఇంక సప్పుడు రాదన్నడు. నిజంగనే రాలేదు. ఆమె సంబురపడ్డది. తన మాట ఇన్నరని సంబురపడ్డది. ఆ తర్వాత మూడు నాలుగు కిరాయిలకే బండి రోడ్డు మీద ఆగింది.

ఐలమ్మను ఇంటికి పంపిన రోజే యోసేపు ఇంజన్ ఇప్పిండు. రత్నాకర్ తనే పోయి చూస్తనన్నడు, ఇంట్ల ఉండుమన్నడు. యాదలక్ష్మి అవునని కాదని అనకుంట, ఆయన దుకాణానికి పోయినంక ఆటో ఎక్కి షెడ్డుకు పోయింది.

షెడ్డు ముంగట ఎండల ఆమె బండి నోరు తెరుచుకొని ఉన్నది. యోసేపు మీది మూత ఇప్పి నేల మీద పాత గోనెసంచి పరిచి బోల్టులు వరుసగ పెట్టిండు. ఆమెను చూసి అన్న రాలేదా వదినా అని ఆమె ఎనక దిక్కు చూసిండు. రాలేదన్నది. కుర్చీ తెప్పిస్త కూసో అన్నడు. నిలవడతనన్నది. ఆయన కొంచెం సేపు స్పానర్ పట్టుకొని ఉత్తగనే అటు ఇటు సర్దిండు. ఆమె పోయేటట్టు లేదని తెలిసి పనిల పడ్డడు.

ముంగటి కవర్ ఊడదీసేసరికి చైను కనవడ్డది. బిర్రుగ ఉండాల్సిన చైను ఒక పక్క కుంగి, మెడల వదులు గొలుసు లెక్క ఏలాడుతున్నది. దాన్ని పట్టి నడిపించే ప్లాస్టిక్ గైడు సగం ఉన్నది, సగం లేదు. యోసేపు బండి కిందికి దూరి ఆయిల్ చాంబర్ దించిండు. నల్లటి ఆయిల్ల చెయ్యి పెట్టి దేవితే ఆ మిగిలిన సగం, ముక్కలు ముక్కలుగ, చేతికి వచ్చింది. అరిచేతుల పెట్టుకొని చూపెట్టిండు. చైను చక్రం పండ్లు దాటింది వదినా, అన్నడు. దాటంగనే వాల్వులు మూసుకోవాల్సిన యాల్ల తెరుచుకున్నయి, కిందికెళ్లి పిస్టన్లు వచ్చి గుద్దినయి, వాల్వులు వంగినయి. మూత వడని కుండల లెక్క సిలిండర్ల గాలి నిలవడ్తలేదు. అందుకే స్టార్టర్ తేలికగ తిరిగింది.

యాదలక్ష్మి ఆయిల్ల ఒక వేలు ముంచి బొటనవేలితో రాసి చూసింది. మళ్ల ఒకసారి ముంచింది. ఆ ఆయిల్ వేలి మీదికెళ్లి జారడానికి మస్తు సేపు పట్టింది. ఆముదం లెక్క ఉన్నది. ఆమె బండిల ఎప్పుడూ పోసేది పల్చటి ఆయిల్. వేళ్ల సందులకెళ్లి నీళ్లోలె పోతది.

ఇదేం ఆయిల్ అని అడిగింది. చిక్కటి ఆయిల్ అన్నడు యోసేపు, తల ఎత్తకుంట. ఎందుకు పోసినవని అడిగింది. సప్పుడు తగ్గుతదని పోసిన అన్నడు.

"నీకు సప్పుడు ఇనవడ్డదా మరి?"

యోసేపు గుడ్డతోని చేతులు తుడుచుకున్నడు. తుడిచిన చేతులనే మళ్ల తుడిచిండు.

"ఇనవడ్డది. ఆ పొద్దుగాల సల్లటి ఇంజన్ చాలు చేస్తె మంచిగనే ఇనవడ్డది. చైను సాగింది, దాన్ని బిగవట్టే టెన్షనర్ పోయింది, ముంగట ఇప్పి మార్చాలె, బండి దూరం తిప్పొద్దని అన్నకు చెప్పిన గద. అన్న నీకు చెప్పలేదా?"

రోడ్డు మీద మైకు కట్టిన ఆటో ఒకటి ఎవరికో ఓటెయ్యమని మొత్తుకుంట పోయింది. అది దూరం పోయేదాక యాదలక్ష్మి వేళ్లకు అంటిన ఆయిల్ గోనెసంచికి తుడుచుకున్నది. ఎర్ర దీపం యాదికొచ్చింది, రెండు రోజులు కండ్లు మూసుకొని తను ఎతికిన దీపం. ఎలగలేదది. ఎట్ల ఎలుగుతది? పోయింది ఆయిల్ కాదు, చైను.

యోసేపు ఇంక ఆగలేకపోయిండు. ఇప్పుడే ఇప్పితె సామాను హైదరాబాద్ నుంచి రావాలె, బండి పండవడతదని అన్న అన్నడని చెప్పిండు. వార్డుల నిలవడ్డ అమరేందర్ అన్నకు ప్రచారానికి బండి ఇస్తనని మాట ఇచ్చిండట. ఎలక్షన్లు అయ్యేదాక ఎట్లన్న నడిపియ్యి, సప్పుడు మాత్రం ఇనవడొద్దు, లేకుంటె మా ఆమె ఊకోదు అన్నడట. తను వద్దనే అన్నడట. చిక్కటి ఆయిల్ పోస్తె చెవికి బాగుంటది గని సల్లటి పొద్దుగాల అది మీదికి ఎక్కనీకే టైం పడతది, అప్పటిదాక చైను పొడిగనే అరుగుతదని గూడ చెప్పిండట.

"బండి ఎవరిది యోసేపూ?"

"నీదే వదినా."

"తోలేది ఎవరు?"

ఆమె గోనెసంచి మీదికెళ్లి ఇరిగిన గైడు ముక్క ఒకటి తీస్కొని గుడ్డల చుట్టి బ్యాగుల ఏసుకున్నది.

ఆటో దొరికినా ఎక్కలేదు. ఎండల నడిచింది. చర్చి గేటు కాడ బస్సుల వచ్చినోళ్లు ఫొటోలు దిగుతున్నరు. వాళ్ల నడుమకెళ్లి, ఎవరు తొవ్వ ఇస్తరు ఎవరు ఇయ్యరని చూడకుంట పోయింది. కోపం అంటె ఆమెకు ఇదివరకు తెల్వదని కాదు. కిరాయి దగ్గర లొల్లి పెట్టేటోళ్ల మీద, అద్దంలకెళ్లి చూసి నవ్వే లారీలోళ్ల మీద వచ్చేది, పోయేది. ఇది అట్ల పోయేది కాదు. ఐలమ్మను కూసోపెట్టుకొని, గట్టిగ పట్టుకో అవ్వా అని చెప్పి, సాగిన చైను మీద ఆమెను తోలింది తను. అది ఎప్పుడన్న పోతదని తెలిసినోడు ఆ పొద్దుగాల ఛాయ తాగుకుంట జాగ్రత్తగ పో అన్నడు.

ఫ్లెక్సీ దుకాణంల మిషన్ అటూ ఇటూ ఉరుకుతున్నది. అమరేందర్ మొఖం, చేతులు జోడించినది, నుదురు దాక అచ్చయి ఇంకా కిందికి రావాల్సి ఉన్నది. రంగు వాసన గొంతుకు పట్టింది. రత్నాకర్ గిరాకీతోని మాట్లాడుతున్నడు. ఆమె గిరాకీ పోయేదాక నిలవడ్డది. పోయినంక గుడ్డ ఇప్పి ప్లాస్టిక్ ముక్కను కౌంటర్ మీద పెట్టింది.

ఆయన దాన్ని చూసి, ఆమెను చూసి, మిషన్ దిక్కు చూసిండు. యోసేపు చెప్పిండా అన్నడు. చెప్పిండన్నది. కొంచెం సేపు ఆయన ఎలక్షన్ల గురించి చెప్పిండు. అమరేందర్ గెలిస్తే దుకాణానికి పనులు ఎట్ల వస్తయో చెప్పిండు. మాట ఇచ్చి తప్పితే మొఖం ఎట్ల చూపెట్టాలె అన్నడు. పది పదిహేను రోజులు నడుస్తదనుకున్న, ఎంతమంది బండ్లు సప్పుడు చేసుకుంట ఏండ్లకేండ్లు తిరుగుతలేవు అన్నడు. ఆమె ఇన్నది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు బండి బయటికి తియ్యవు."

"తియ్యకపోదును."

"అందుకే చెప్పలే."

ఆయన ఆ మాట ఏ దొంగతనం లేకుంట అన్నడు. తనకు అది సక్కటి జవాబు లెక్కనే కనవడ్డది. యాదలక్ష్మికి ఆయన మొఖంల అదే అన్నింటికన్న ఎక్కువ కోపం తెప్పించింది.

"మరి దవాఖానల లైట్ ఎలిగిందని ఎందుకన్నవ్?"

"ఆ పిలగాడు మొత్తుకుంటున్నడు, ఏదో ఒకటి చెప్పి సల్లవర్చాలె గద. తోలేది నువ్వేనాయె." అని, గొంతు తగ్గించి, "నేను నీకోసం మాఫీ అడిగిన, యాదీ. నీ తరఫున," అన్నడు.

మిషన్ అమరేందర్ ముక్కు దాక వచ్చింది. ఆమె చెయ్యి పెట్టి బటన్ నొక్కి దాన్ని ఆపింది. రేపు టేక్మాల్ పోదామన్నది. ఎందుకని అడిగిండు. నా తరఫున అడిగిన మాఫీ వాపస్ తీస్కోవాలె, నీ తరఫున అడగాలె, అన్నది. ఆయన ముందు నవ్విండు. తర్వాత దుకాణం, పని, ఎలక్షన్లు అన్నడు. ఆమె కౌంటర్ ముంగట స్టూలు గుంజుకొని కూసున్నది. గిరాకీలు వచ్చిండ్రు, పోయిండ్రు. ఆమె ఎవరితోని మాట్లాడలేదు, లేవలేదు. దుకాణం మూసేటప్పుడు ఆయన తాళం చేతుల పట్టుకొని, సరే పోదాం తియ్యి, అన్నడు.

తెల్లారి మోటర్ సైకిల్ మీద పోయిండ్రు. మంజీర బ్రిడ్జి మీద సల్లటి గాలి కొట్టింది. బండి ఆగిన చోటు దాటేటప్పుడు ఆమె చూడొద్దనుకున్నది గని చూసింది. ఏం లేదక్కడ. గడ్డి, రెండు చెట్లు.

మల్లేశ్ ఇంటి ముంగట ఎండల మంచమేసి ఐలమ్మను కూసోపెట్టిండ్రు. మొఖం దిగింది, కండ్లు కనవడుతున్నయి. యాదలక్ష్మిని చూసి చెయ్యి లేపింది. మల్లేశ్ మాత్రం రత్నాకర్‌నే రా అన్నా అని పిలిచి కుర్చీ ఏసిండు. రెండో కుర్చీ లేదు. యాదలక్ష్మి మంచం కోడు కాడ నిలవడ్డది.

రత్నాకర్ చెప్పిండు. అబద్ధం ఎందుకు ఆడాలె, మంచిగనే చెప్పిండు. ఇంజన్ల చైను పాడైందని మెకానిక్ ముందుగాలనే చెప్పిండని, తనే పక్కకు పెట్టిండని, ఇంటామెకు చెప్పలేదని, ఆయిల్ లైట్ మాట తను కల్పించిందేనని, నేల దిక్కు చూసుకుంట అన్నడు. ఆఖరికి చేతులు జోడించిండు. ఆమె అనుకున్నదానికన్న తక్కువ గాదు, ఎక్కువ గాదు. చెప్పాల్సింది చెప్పిండు. యాదలక్ష్మి మల్లేశ్ మొఖం చూసింది. రోడ్డు మీద తన మీద లేసిన గొంతు ఇప్పుడు ఎట్ల లేస్తదో అని చూసింది. ఎందుకో భయమైంది గూడ. కొడతడేమో, అడ్డం పోవాలె అనుకున్నది.

మల్లేశ్ కొంచెం సేపు గదవ గోక్కున్నడు.

"మిషన్ అన్నంక ఎప్పుడో ఒకప్పుడు ఇరుగుతది అన్నా," అన్నడు. "నువ్వు కావాలని చేసినవా ఏంది. జరుగుతయి. పరేషాన్ గాకు." అని ఇంట్లకు తిరిగి, ఛాయ పెట్టుమని పెండ్లాం సుశీలకు చెప్పిండు.

రత్నాకర్ ఊపిరి ఇడిచిండు. కుర్చీల ఎనకకు ఆనుకున్నడు. ఇద్దరు మొగోళ్లు ఒకర్నొకరు చూసుకొని తల ఊపిండ్రు. ఎలక్షన్ల హవా ఎట్లున్నది అన్నా, అని మల్లేశ్ అడిగిండు.

యాదలక్ష్మి మంచం కోడు పట్టుకున్నది. నొప్పి పుట్టేదాక పట్టుకున్నది. నిన్న ఎండల నడిచినప్పటి కోపం మొగని మీది కోపం. ఇప్పటిదానికి ఒక్క మనిషి సరిపోడు. అదే బండి, అదే చైను, అదే రోడ్డు, మంచం మీద కూసున్న అదే తల్లి. తన చేతులకెళ్లి ఇరిగితే ఆడోళ్లకు బండి ఇయ్యొద్దయింది. ఈయన చేతులకెళ్లి ఇరిగితే మిషన్ అన్నంక ఇరుగుతదయింది.

సుశీల ఛాయ తెచ్చింది. యాదలక్ష్మి గ్లాసు తీస్కోలేదు.

"నాకు గూడ చెప్పు మల్లేశ్," అన్నది.

ఏం చెప్పాలె అక్కా అన్నడు మల్లేశ్.

"ఇప్పుడు ఆయనకు చెప్పినవ్ గద. జరుగుతయి, పరేషాన్ గాకు అని. ఆనాడు రోడ్డు మీద మంది ముంగట నాకు ఒకటి చెప్పినవ్. ఆయనకు ఒకటి చెప్పినవ్. ఆ రెండోది నాకు గూడ చెప్పు. ఇంట నేను."

మల్లేశ్ నవ్వబోయి ఆగిండు. రత్నాకర్ ఛాయ గ్లాసు కింద పెట్టి, యాదీ ఇంక చాలు అన్నడు. ఆమె ఆయన దిక్కు తిరగలేదు. సుశీల తలుపు కాడ పళ్లెం పట్టుకొని అట్లనే నిలవడ్డది. మల్లేశ్‌కు ఎంత చిన్న మాట అది. రత్నాకర్‌కు అడగకుంటనే ఇచ్చిండు. ఆమెకు ఇయ్యనీకి నాలుక మొద్దుబారింది. చెప్పుల దిక్కు చూసుకుంట కూసున్నడు.

అప్పుడు ఐలమ్మ మాట్లాడింది. ఆయాసం ఇంకా ఉన్నది, ఒక్కో మాట ఆగి ఆగి వచ్చింది. ఎల్లుండి దవాఖానకు ఎట్ల పోవాలె అని కొడుకును అడిగింది. పరమేశ్ బండి మాట్లాడిన అన్నడు మల్లేశ్. వద్దన్నది ఐలమ్మ.

"యాదమ్మ బండి అయ్యేదాక నేను బస్సుల పోత. నువ్వే ఎక్కియ్యాలె, నువ్వే దించాలె. సీటు దొరకకుంటె నన్ను ఎత్తుకొని నిలవడు. నీకు తెలుస్తది."

మల్లేశ్ మొఖం నల్లవడ్డది. యాదలక్ష్మి ఆ ముసలి చెయ్యి పట్టుకొని, వద్దు అవ్వా అన్నది. పరమేశ్ మంచిగ తోలుతడు, గుంతలు చూసి తోలుతడు, అందులనే పో అన్నది. తన బండి అయినంక తనే వస్తనన్నది. నా కోపం నీ పానం మీదికి రావొద్దన్నది. ఐలమ్మ ఆమె చెయ్యి ఇడువలేదు, ఒప్పుకోనూ లేదు. మొఖం అటు తిప్పుకున్నది. ఆ తిప్పుకున్న మొఖాన్ని కొడుకు చూసిండు.

యాదలక్ష్మి చెప్పులేసుకొని వాకిట్లకెళ్లి నడిచింది. ఎనక మోటర్ సైకిల్ చాలయింది. రత్నాకర్ ఆమె పక్కకు వచ్చి మొదటి గేర్ల మెల్లగ తోలుకుంట ఎక్కు అన్నడు. చెప్పిన గద, నువ్వు అడిగినట్టే చెప్పిన గద, ఇంకేం కావాలె అన్నడు. కొంత దూరం పోయినంక, మంది చూస్తున్నరన్నడు. ఆమె బస్టాండ్ దాక నడిచింది. మెదక్ బస్సు నిలవడే ఉన్నది. ఎక్కింది. కండక్టర్‌కు ఆధార్ కార్డు చూపెట్టి ఆడోళ్ల ఉచిత టికెట్ తీస్కున్నది. అన్ని సీట్లల్ల ఆడోళ్లే, దవాఖానకు పోయేటోళ్లు, ఆఫీసులకు పోయేటోళ్లు, సంతకు కూరగాయలు తీస్కపోయేటోళ్లు. ఒకామె గంప జరిపి జాగ ఇచ్చింది.

బస్సు కదిలినంక యోసేపుకు ఫోన్ చేసింది. ఇంజన్ హెడ్డు దించుమన్నది. వంగిన వాల్వులు ఎన్ని ఉంటె అన్ని మార్చుమన్నది. చైను, గైడ్లు, టెన్షనర్, మొత్తం సెట్టు కొత్తది ఎయ్యాలె, పాతది ఒక్కటి గూడ మళ్ల ఎక్కొద్దన్నది. యోసేపు ఊ కొట్టిండు. బస్సు మోతకు ఆయన మాట సరిగ ఇనవడ్తలేదు. సరే వదినా, అన్నను గూడ ఒక్క మాట అడిగి మొదలువెడత అన్నడు.

"యోసేపూ, నేను చెప్పేది ఇంకా అయిపోలే," అన్నది యాదలక్ష్మి. గొంతు పెద్దగయిందని ఆమెకు తెలుసు, తగ్గించలేదు. "చాంబర్ శుభ్రంగ కడుగు. ఆ చిక్కటి ఆయిల్ పారబొయ్యి, పల్చటిది పొయ్యి. ఇంజన్ కట్టినంక రాత్రంత సల్లవడనియ్యి. పొద్దుగాల నేను వచ్చేదాక ఎవ్వరు చాలు చెయ్యొద్దు. సప్పుడు వస్తున్నదో లేదో నేను ఇంట. రాసుకుంటున్నవా?"

ముందు సీట్ల ఇద్దరు ఆడోళ్లు ఎనకకు తిరిగిండ్రు. గంపామె తన మాట ఆపి ఇంటున్నది. యోసేపు రాసుకుంటున్న వదినా, చెప్పు అన్నడు. యాదలక్ష్మి ఫోన్ ఇంకో చెవికి మార్చుకొని మళ్ల మొదటికెళ్లి చెప్పుడు మొదలువెట్టింది.